పెరటి మల్బరీ: కొమ్మ నాటడం నుంచి సంక్రాంతి కాయ దాకా

అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న మనవాళ్లు సెప్టెంబరు వచ్చిందంటే చాలు, పెరట్లో కోసిన ఎర్రటి రాస్ప్‌బెర్రీల ఫొటోలు పంపుతుంటారు. తెనాలిలో అది పండదా అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. పండదు. ఆన్‌లైన్లో మొక్క తెప్పించి డబ్బు పోగొట్టుకోకండి. దానికి చలి కావాలి. మన మే నెల ఎండ ముందు అది నిలబడదు.

అయితే శరదృతువులో కాసే రాస్ప్‌బెర్రీని అక్కడివాళ్లు పెంచే పద్ధతి మాత్రం మనకి పనికొస్తుంది. 1969లో న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన హెరిటేజ్ లాంటి రకాలను చలికాలం చివర నేలమట్టానికి కత్తిరించేస్తారు. ఆ తర్వాత లేచిన కొత్త కొమ్మలే ఆ ఏడాది కాస్తాయి. మన దగ్గర కూడా కత్తిరిస్తే బాగా కాసే మొక్క ఒకటుంది. అదే మల్బరీ. హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగులకు ఆకు మేపడానికి వేసే చెట్టే ఇది. ఇంటి పెరట్లో మాత్రం మనం కాయ కోసం పెంచుకుందాం. ఒక్క మొక్క చాలు. ఎప్పుడు కత్తిరించాలి, ఎక్కడ కత్తిరించాలి అన్న రెండు సంగతులు తెలిస్తే కాయ దానంతటదే వస్తుంది. మిగతాదంతా నీళ్లు పోయడం, ఓపిక పట్టడం.

కావలసినవి

మొక్కలు కత్తిరించే పదునైన కత్తెర ఒకటి. కూరగాయల కత్తితో, వంటింటి కత్తెరతో మొదలుపెట్టకండి. కొమ్మ నలిగిపోతుంది, నలిగిన చోట కుళ్లు పడుతుంది.

కాయ కాసిన చెట్టు నుంచి తెచ్చిన కొమ్మలు నాలుగైదు. ఒక్కటే తెచ్చుకుంటే అది బతకకపోవచ్చు. నాలుగు నాటితే రెండైనా నిలుస్తాయి.

కొమ్మలు వేరు పట్టడానికి చిన్న కవర్లు గాని పాత నూనె డబ్బాలు గాని. అడుగున బెజ్జాలు తప్పనిసరి.

బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, కాస్త వేపపిండి, ఏటి ఇసుక. ఇక్కడ బాపట్ల వైపు వాళ్లకి ఒక మాట: సూర్యలంక తీరం నుంచి తెచ్చిన ఇసుక వాడకండి. అందులో ఉప్పు ఉంటుంది.

మేడ మీద పెంచేవాళ్లకి మొదటి ఏడాదికి 20 లీటర్ల పెయింటు డబ్బా సరిపోతుంది. రెండో ఏడాదికి అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు ఉన్న గ్రో బ్యాగు గాని, సగానికి కోసిన డ్రమ్ము గాని కావాలి.

ముందుగా మట్టిని, నీటిని చూసుకుందాం

తెనాలి చుట్టుపక్కల ఎక్కువగా నల్లరేగడి. వానాకాలం నీళ్లు నిలుస్తాయి, ఎండాకాలం నెర్రెలిస్తుంది. నెర్రె విచ్చినప్పుడు సన్న వేళ్లు తెగిపోతాయి. అందుకే ఇక్కడ మొక్కని గుంతలో కాకుండా చిన్న మిట్ట మీద నాటుకుందాం, మొదట్లో వరిగడ్డి పరుచుకుందాం. బాపట్ల ఇసుక నేలల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ పోసిన నీళ్లు నిలవవు. కాబట్టి గుంతలో ఎరువు ఎక్కువ వేసి, నాలుగు గంపల చెరువుమట్టి కలుపుకోవాలి.

రేపల్లె, నిజాంపట్నం వైపు అసలు ఇబ్బంది నీటితోనే. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆకు అంచులు మాడిపోతాయి, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. మన ప్రాంతంలో ఇది ఎంత పెద్ద సమస్య అంటే, ఉప్పునీటిని సేద్యానికి ఎలా వాడుకోవాలో చూడటానికి బాపట్లలో ప్రత్యేకంగా ఒక పరిశోధన కేంద్రమే నడుస్తోంది. ఇంటి మట్టుకు మనం చేయగలిగింది ఒకటే. కుళాయి నీళ్లో కాలువ నీళ్లో పోద్దాం. వేసవిలో కాలువలు కట్టేసి బోరు నీళ్లే దిక్కైతే, మొదట్లో గడ్డి మందంగా పరిచి తక్కువ నీళ్లతో నెట్టుకొద్దాం. తొలి వానలకి ఆ ఉప్పు కిందికి దిగిపోతుంది. ఇంకొకటి, తాగునీటి ఫిల్టరు నుంచి బయటికి వచ్చే వృథా నీటిని కుండీల్లో పోసే అలవాటు చాలా ఇళ్లల్లో ఉంది. పొదుపు బుద్ధి మంచిదే. కాని ఆ నీళ్లల్లో లవణాలు చిక్కబడి ఉంటాయి. వాటితో గచ్చు కడగండి, మొక్కకి పోయకండి.

పొయ్యి బూడిద కూడా వద్దు. మన నల్లరేగళ్లు అసలే క్షారం వైపు ఉంటాయి. బూడిద దాన్ని ఇంకా పెంచుతుంది. అప్పుడు మొక్క ఇనుమును తీసుకోలేక, ఈనెలు పచ్చగానే ఉండి ఆకు మాత్రం పసుపుబారుతుంది.

కొమ్మ నాటడం

1. తల్లి చెట్టును ఎంచుకుందాం. మల్బరీలో కాయ కాయని మగ చెట్లూ ఉంటాయి. కొమ్మ ఇచ్చేవాళ్లు ఎంత మంచివాళ్లైనా సరే, ఆ చెట్టు మీద కాయ చూశాకే తెచ్చుకోండి. పట్టుపురుగుల కోసం వేసే వి-1 లాంటి రకాలను ఆకు దిగుబడి చూసి ఎంచారు, కాయ రుచి చూసి కాదు. మొదటిసారి పెంచేవాళ్లకి అంగుళం పొడవుండే నల్లకాయ రకం సులువు. వేలంత పొడవు కాయ వచ్చే రకం చూడముచ్చటగా ఉంటుంది గాని, దాన్ని రెండో మొక్కగా పెట్టుకోండి. నర్సరీలో కొనేటట్టయితే కాయతో ఉన్న మొక్కనే అడగండి.

2. ఆషాఢ శ్రావణాల్లో, అంటే జులై ఆగస్టుల్లో కొమ్మ తీసుకుందాం. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసున్న, గోధుమరంగుకి తిరిగిన కొమ్మ కావాలి. పెన్సిలంత లావు చాలు. ఆకుపచ్చగా ఉన్న లేత చివర పనికిరాదు, కుళ్లిపోతుంది.

3. మూడు నాలుగు కణుపులు ఉండేలా జానెడు ముక్కలు చేద్దాం. కింది చివర ఏటవాలుగా, పై చివర అడ్డంగా కత్తిరించండి. ఇలా ఎందుకంటే, ముక్కలన్నీ కలిసిపోయాక ఏది పైనో ఏది కిందో తెలియదు. తలకిందులుగా నాటిన కొమ్మ బతకదు. కత్తిరించిన చోట తెల్లటి పాలు కారతాయి. కొందరికి అవి తగిలితే దురద వస్తుంది, చేతులు కడుక్కోండి.

4. ఆకులన్నీ తీసేసి, సగం మట్టి సగం ఇసుక కలిపిన కవర్లలో రెండు కణుపులు లోపలికి వెళ్లేలా గుచ్చుదాం. చుట్టూ మట్టిని వేళ్లతో గట్టిగా అదమాలి. లోపల గాలి సందు ఉంటే వేరు రాదు.

5. కవర్లను నీడలో పెట్టి, మట్టి తడిగా ఉండేలా మాత్రమే నీళ్లు చిలకరిద్దాం. రోజూ కుమ్మరిస్తే కుళ్లుతుంది.

ఇక్కడే మొదటిసారి పెంచేవాళ్లు దాదాపు అందరూ తొందరపడతారు. పది పదిహేను రోజుల్లో చిగురు వస్తుంది. వెంటనే సంతోషంతో ఎండలో పెడతారు, లేదా వేరు వచ్చిందేమో చూద్దామని కొమ్మని పైకి లాగుతారు. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న బలంతో వచ్చింది, వేరుతో కాదు. లాగితే అప్పుడే మొలుస్తున్న వేరు తెగిపోతుంది. రెండు నెలలు ముట్టుకోకండి. ఈలోపు ఆ చిన్న కొమ్మకే కాయలు కూడా పడొచ్చు. ముచ్చటేస్తుంది, ఫొటో తీసుకుని గిల్లేయండి.

నేలలో పెట్టడం

6. చోటు చూసుకుందాం. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ పడాలి. కారు నిలిపే చోటు మీదికి, బట్టలారేసే తీగ మీదికి కొమ్మలు రాకూడదు. పండిన కాయ రాలిన చోట ఊదారంగు మరక పడుతుంది, పిట్టలు తిని రెట్ట వేసిన చోట కూడా అదే మరక. సంపుకి, ప్రహరీకి పది అడుగుల దూరం ఉంచుదాం. ఈ చెట్టు వేళ్లు తేమ ఎటుంటే అటు పరుగెత్తుతాయి.

7. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండేలా గుంత తీసి, ఆ మట్టిలో రెండు గంపల మాగిన ఎరువు, రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపి తిరిగి నింపుదాం. నల్లరేగడిలో అయితే నేల కంటే జానెడు ఎత్తుగా పోసి మిట్ట చేయాలి. పచ్చి పేడ వేయకండి. అది మాగేటప్పుడు వేడికి వేరు దెబ్బతింటుంది, చెదలు కూడా చేరతాయి.

8. పెద్ద వానలు తగ్గిన సమయం చూసుకుని సాయంత్రం పూట నాటుదాం. కవరు చింపేటప్పుడు మట్టిగడ్డ విడిపోకూడదు. పక్కన ఒక కర్ర పాతి వదులుగా కట్టండి. బిగించి కడితే ఆరు నెలల్లో తాడు కొమ్మలోకి దిగబడిపోతుంది.

కుండీలో పెట్టేవాళ్లు రెండు పాళ్ల ఎర్రమట్టి, ఒక పాలు ఎరువు, ఒక పాలు ఇసుక గాని కొబ్బరిపొట్టు గాని కలుపుకోండి. నల్లమట్టి ఒక్కటే నింపితే ఆరినప్పుడు కుండీ అంచు నుంచి విడిపోతుంది. పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి అడుగు బెజ్జంలోంచి బయటికి వస్తాయి. చూసేవాళ్లకి మొక్క తడిసినట్టే ఉంటుంది గాని లోపల వేరు ఎండిపోతూ ఉంటుంది.

మొదటి ఏడాది

ఈ ఏడాది కాయ మీద ఆశ పెట్టుకోవద్దు, ఆకారం మీద పెట్టుకుందాం. మొక్క మూడడుగులు పెరగగానే రెండడుగుల ఎత్తులో మొదలు కొమ్మను కత్తిరించండి. పక్కల నుంచి వచ్చే చిగుళ్లలో నాలుగు దిక్కులకీ ఒక్కొక్కటి ఉంచి, మిగతావి గిల్లేయండి. ఈ నాలుగు చేతులే చెట్టుకి ఆస్తి. వీటిని ఇక ఎప్పుడూ మొదలంటా నరకం. వదిలేస్తే మల్బరీ మేడ ఎత్తుకి లేస్తుంది, పైనున్న కాయలన్నీ పిట్టలపాలవుతాయి. మనిషి చెయ్యి అందేంత ఎత్తులోనే దాన్ని ఉంచుకుందాం.

అసలు కత్తిరింపు

9. మరుసటి ఏడు కార్తీకంలో, నవంబరు నడిమి రోజుల్లో, కత్తెర పడదాం. వారం ముందు నుంచి నీళ్లు ఆపేయండి. ఆ రోజుల్లో మనకి వాన పడుతూనే ఉంటుంది. పడితే పడనివ్వండి, తెరిపి చూసి కత్తిరించేద్దాం.

ఈ సమయమే ఎందుకంటే కారణాలు రెండు. కత్తిరించిన రెండు నెలలకి అటూ ఇటూగా కాయ పండుతుంది. అంటే సంక్రాంతి నాటికి. అప్పటికి వానలుండవు, ఎండ మెత్తగా ఉంటుంది, కాయలో తీపి నిలుస్తుంది. రెండోది తుపాన్లు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. నవంబరులోనే కురచ చేసిన చెట్టు గాలికి పెద్దగా దొరకదు. గుబురుగా ఉన్న చెట్టైతే చేతులు చీలిపోతాయి.

10. ఎక్కడ కత్తిరించాలో ఇప్పుడు చూద్దాం. ఇక్కడ రాస్ప్‌బెర్రీకి, మల్బరీకి దారులు వేరవుతాయి. రాస్ప్‌బెర్రీని నేలమట్టానికి కత్తిరిస్తే నేలలోంచి లేచిన కొత్త కొమ్మే కాస్తుంది. మల్బరీ అలా కాదు. పోయిన ఏడు పెరిగిన కొమ్మ మీది కన్ను విచ్చుకున్నప్పుడు, ఆ కొత్త చిగురుతో పాటు పూత వస్తుంది. కాబట్టి నాలుగు చేతుల మీద ఈ ఏడు పెరిగిన కొమ్మలు ఒక్కొక్కటీ పట్టుకుని, మొదటి నుంచి మూడు నాలుగు కళ్లు ఉంచి పైభాగం తీసేద్దాం. జానెడు ముక్క మిగులుతుంది. ముదురు చేతుల దాకా నరికేస్తే బలమైన ఆకు కొమ్మలు వస్తాయి గాని కాయ అరుదు. పట్టు రైతుకి కావలసింది ఆకు కాబట్టి అతను మొదలంటా కోస్తాడు. వీడియోల్లో అది చూసి మనమూ అలాగే చేస్తే పొద నిండా ఆకే ఉంటుంది.

కత్తెర కన్నుకి పావు అంగుళం పైన పడాలి. లోపలి వైపు చూసే కన్ను మీద కాకుండా బయటి వైపు చూసే కన్ను మీద ఆగండి. అప్పుడు పొద నడుమ ఖాళీగా ఉండి గాలి ఆడుతుంది. ఎండిన పుల్లలు, పొద లోపలికి పెరిగిన సన్న కొమ్మలు పూర్తిగా తీసేయాలి.

11. మిగిలిన ఆకులన్నీ తుంచేద్దాం. ఒక్కటీ ఉంచకండి. మొదటిసారి చేసేవాళ్లకి చేయి రాదు, చెట్టు మోడై చూడ్డానికి దిగులుగా ఉంటుంది. అయినా ఆకు పోతేనే నిద్రపోయే కన్ను లేస్తుంది. ఆకు కిందికి లాగకుండా పైకి తుంచండి, లేకపోతే తొడిమతో పాటు కన్ను ఊడి వస్తుంది. తుంచిన ఆకు మేకలకి, గేదెలకి ప్రాణం.

12. పాదు తవ్వి, నేల మొక్కకి ఒక గంప ఎరువు, కుండీకి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు వేసి నిండుగా నీళ్లు పెడదాం. యూరియా వేయకండి. ఆకు ఏపుగా వచ్చి కాయ తగ్గుతుంది.

పది పదిహేను రోజుల్లో చిగురు విచ్చుకుంటుంది. ఆకు పక్కనే చిన్న గొంగళిపురుగులా ఆకుపచ్చగా వేలాడేదే పూత. పురుగనుకుని గిల్లేసేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త. పూత మొదలైనప్పటి నుంచి నీళ్లు తప్పకూడదు. ఒక రోజు మట్టి ఎండి, మర్నాడు బిందెలకొద్దీ పోస్తే పిందె రాలుతుంది. డాబా మీది కుండీలకి శీతకాలంలో కూడా రోజూ చూసి పోయాలి.

పురుగూ పుట్రా

మల్బరీకి మన దగ్గర పెద్ద శత్రువు పిండినల్లి. చిగురు ముడుచుకుపోయి, తెల్లటి పిండి చల్లినట్టు కనిపిస్తుంది. చీమలు బారులు కడుతున్నాయంటే పైన పిండినల్లి ఉన్నట్టే. మొదట చేసేది మందు కొట్టడం కాదు. ముడుచుకున్న చిగురు తుంచి కవర్లో వేసి మూటగట్టి పారేయడం. తర్వాత పైపు నీళ్లతో గట్టిగా కొట్టడం. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా పిచికారీ చేద్దాం. కాయ రంగు తిరిగాక వేపనూనె కూడా వద్దు, చేదు అంటుతుంది.

2008లో బొప్పాయి పిండినల్లి మన దేశంలో కనబడి బొప్పాయినీ మల్బరీనీ కలిపి ఊపేసింది. చివరికి దాన్ని అదుపు చేసింది మందులు కాదు, 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలిన ఓ చిన్న పరాన్నజీవి కందిరీగ. అందుకే పెరట్లో ఘాటు మందులు కొట్టి మంచి పురుగుల్ని చంపుకోవద్దంటాను. బొప్పాయి పక్కన మల్బరీ పెట్టకుండా ఉంటే ఇంకా మంచిది.

చలి రోజుల్లో ఆకు అడుగున బూడిద తెగులు రావచ్చు. నడుమ ఖాళీగా కత్తిరించిన పొదకి అది తక్కువ. పిట్టల సంగతి చెప్పాలంటే, పిగిలిపిట్టలకి, గోరింకలకి మనకంటే ముందే కబురు అందుతుంది. కాయ ఎరుపెక్కగానే పాత దోమతెర కప్పి, కింద ముడి వేయండి. ముడి వదులుగా ఉంటే పిట్ట లోపలికి దూరి చిక్కుకుంటుంది. పై కొమ్మ ఒకటి తెర బయట వదిలేస్తే వాటి వాటా వాటికి ఉంటుంది.

కాయ కోయడం

ఎర్రటి కాయ పండింది కాదు. మల్బరీ ముందు ఆకుపచ్చ, తర్వాత ఎరుపు, ఆఖరికి నలుపు. చెయ్యి తగలగానే ఊడి వచ్చేదే పండు. లాగాల్సి వచ్చిందంటే ఇంకో రోజు ఆగాలి. కోశాక ఇంట్లో పెడితే అది తీపెక్కదు. పచ్చికాయ పిల్లలు ఎక్కువగా తింటే కడుపులో తిప్పుతుంది, చూసుకోండి. పొడవు రకాల్లో కొన్ని నల్లబడవు, అక్కడ మెత్తదనమే గుర్తు.

ఉదయం పూట, పాత చీర కింద పరిచి, వెడల్పు పళ్లెంలోకి కోద్దాం. గిన్నె నిండా పోస్తే అడుగువి చితికిపోతాయి. ఒకేసారి అన్నీ పండవు కాబట్టి మూడు వారాల పాటు రోజూ కాసిని వస్తూ ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులే. తినేముందే కడగండి. మిగిలితే చక్కెరతో జాము, లేదా నిమ్మరసం పిండి షర్బతు. తెనాలిలో నిమ్మకాయకి కొదవ లేదు కదా. బట్టల మీద మరకకి కూడా ఆ నిమ్మకాయే, ఆరకముందే రుద్దాలి.

ఎక్కువమంది తడబడే చోట్లు

కాయ అయిపోయాక ఉత్సాహంగా ఏప్రిల్లో మళ్లీ కత్తిరిస్తారు. వద్దు. ఆకు నీడ లేని బెరడు రోహిణి కార్తె ఎండకి పగులుతుంది, వచ్చిన చిగురు మాడుతుంది. వేసవిలో ఆకునే గొడుగుగా ఉండనిద్దాం. రెండో పంట కావాలనుకుంటే సంక్రాంతి కాయ తెమలగానే, ఫిబ్రవరి మొదటి పది రోజుల్లోపే తేలిగ్గా కత్తిరించుకోవచ్చు. ఏప్రిల్‌కి కాస్త కాయ వస్తుంది. అది కూడా నేలలో ఉన్న, రెండేళ్లు దాటిన చెట్టుకే. కుండీ మొక్కని ఏడాదికి ఒక్కసారే అడుగుదాం.

కత్తిరించాక ఆకు బాగా వచ్చి పూత రాకపోతే ముందు నీడ చూడండి, తర్వాత ఎరువు చూడండి. రెండూ సరిగ్గానే ఉంటే కత్తెర మరీ కిందికి పడిందేమో చూడండి. వరసగా రెండేళ్లు అన్నీ సరిగా చేసినా ఒక్క కాయ రాలేదంటే అది మగ చెట్టు కావచ్చు. దాని మీద ఇంకా కాలం వృథా చేయొద్దు. కాసే చెట్టు కొమ్మ తెచ్చి కొత్తగా నాటుకోవడమే.

కుండీలో మూడేళ్లు దాటితే వేళ్లు గోడ చుట్టూ చుట్టుకుంటాయి. ఆ ఏడు కార్తీకంలో కత్తిరించే రోజే మొక్కని బయటికి తీసి, చుట్టూ, అడుగునా రెండంగుళాల వేరుమట్టి చెక్కేసి, కొత్త మట్టి నింపి తిరిగి పెట్టండి. పైన కొమ్మ తగ్గించిన రోజే కింద వేరు తగ్గిస్తే మొక్క తట్టుకుంటుంది. ఆ రోజు తీసేసిన కొమ్మల్లో పెన్సిలంత లావున్నవి పారేయకండి. తడి గోనెసంచిలో చుట్టి, ఏ రకమో చీటీ రాసి కట్టి, అడిగినవాళ్లకి ఇవ్వండి. శీతకాలంలో వేరు పట్టడం కాస్త ఆలస్యమైనా పడుతుంది.